మీ బిల్లులను మీకంటే ముందు పోర్టల్ చదువుతోంది.. నోటీసు రాకముందే కంపెనీలు ఏం సరిచూసుకోవాలి?

మీ సంస్థ 4 లక్షల రూపాయల సరుకు కొన్నదనుకుందాం. 18 శాతం చొప్పున 72 వేల రూపాయల జీఎస్టీ కలిపి, మొత్తం సొమ్మును బ్యాంకు ద్వారానే చెల్లించారు. బిల్లు ఫైల్లో భద్రంగా ఉంది. సరుకు గోదాములోకి వచ్చింది, అమ్ముడుపోయింది కూడా. ఆ 72 వేలను ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా వాడుకుని మీ పన్ను కట్టేశారు. ఏడాదిన్నర తర్వాత ఆ క్రెడిట్ చెల్లదంటూ నోటీసు వచ్చింది. 72 వేలు వెనక్కి కట్టాలి. 18 శాతం వడ్డీ కింద మరో 19,440 రూపాయలు కట్టాలి. జరిమానా వేరే.

ఇందులో మీ తప్పేముంది? సరుకు అమ్మినవాళ్లు ఆ బిల్లును తమ రిటర్న్‌లో చూపలేదు. లేదా చూపారు కానీ మీ జీఎస్టీ నంబరులో ఒక అంకె తప్పు కొట్టారు. సరిచూసుకోకపోవడమే మీ వైపు జరిగిన పొరపాటు.

ఆ నోటీసు కింద సంతకం అధికారిదే. కానీ లక్షల మంది వ్యాపారుల్లోంచి మీ పేరును పైకి తీసింది మాత్రం కంప్యూటర్. అందుకే పెద్ద కంపెనీల పన్ను విభాగాలు కొన్నేళ్లుగా తమ పని తీరు మార్చుకున్నాయి. ప్రభుత్వం ఏ లెక్కను దేనితో పోల్చి చూస్తుందో, అదే పోలికను తామే ముందు చేసి చూసుకుంటున్నాయి. దీన్నే డేటా అనలిటిక్స్ అంటున్నారు. పేరు పెద్దదే కానీ, ఇందులో సగానికి పైగా పని ఎక్సెల్ తెలిసిన అకౌంటెంట్ చేయగలిగిందే.

ప్రభుత్వం చేతిలో ఏమేం ఉన్నాయి?

2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడే దాని నిర్మాణంలో ఒక ఆలోచన ఉంది. అమ్మినవాళ్లు చెప్పిన లెక్క, కొన్నవాళ్లు చెప్పిన లెక్క ఒకచోట కలవాలి. మొదట్లో అది కాగితం మీదే మిగిలింది. వ్యాపారి తన పుస్తకాల ప్రకారం క్రెడిట్ తీసుకునేవారు, పోలిక తర్వాతి సంగతి. 2019 అక్టోబరులో పరిమితి పెట్టారు. పోర్టల్‌లో కనిపించే క్రెడిట్‌కు అదనంగా 20 శాతం వరకే తీసుకోవాలన్నారు. తర్వాత అది 10 శాతమైంది, 5 శాతమైంది. 2022 జనవరి 1 నుంచి సున్నా. అంటే అమ్మినవాళ్లు తమ రిటర్న్‌లో చూపి, అది మీ జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తే తప్ప మీకు క్రెడిట్ లేదు.

ఒక్క రిటర్న్‌లే కాదు. ఏడాదికి 5 కోట్ల రూపాయల టర్నోవరు దాటిన సంస్థలు, కొన్ని మినహాయింపులు తప్ప, 2023 ఆగస్టు 1 నుంచి వ్యాపారులకు ఇచ్చే బిల్లులను ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌లో నమోదు చేయాల్సిందే. అక్కడ ప్రతి బిల్లుకూ 64 అక్షరాల గుర్తింపు సంఖ్య, క్యూఆర్ కోడ్ వస్తాయి. 10 కోట్లు దాటినవాళ్లయితే బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోగా నమోదు చేయాలని 2025 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. 50 వేలు దాటిన సరుకు కదిలితే ఈ-వే బిల్లు కావాలి, అందులో లారీ నంబరు ఉంటుంది. ఇక ఆదాయపు పన్ను వైపు టీడీఎస్ లెక్కలు, ఫారం 26ఏఎస్, 2021 నవంబరులో వచ్చిన వార్షిక సమాచార నివేదిక ఉన్నాయి.

వీటన్నిటినీ ముడివేసే తాడు మీ జీఎస్టీ నంబరులోనే ఉంది. ఒకసారి చూడండి. 15 అక్షరాల ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది అక్షరాలు మీ పాన్. కాబట్టి జీఎస్టీలో చూపిన టర్నోవరు, ఆదాయపు పన్నులో చూపిన టర్నోవరు ఒకే సంస్థవని తెలుసుకోవడానికి ఎవరూ కష్టపడక్కర్లేదు.

ఈ సమాచారాన్ని జల్లెడ పట్టడానికి కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు కింద అనలిటిక్స్, రిస్క్ మేనేజ్‌మెంట్ కోసం ఒక డైరెక్టరేట్ జనరల్ ఉంది. ఆ బోర్డు వాడే వ్యవస్థ పేరు అద్వైత్. జీఎస్టీ నెట్‌వర్క్ దగ్గర బీఫా అనే మరో వ్యవస్థ ఉంది. ఆదాయపు పన్ను శాఖది ప్రాజెక్ట్ ఇన్‌సైట్. మన దగ్గరి సంగతి చెప్పాలంటే, తెలంగాణ వాణిజ్య పన్నుల శాఖ సమాచారంతో ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు పనిచేశారు. సర్క్యులర్ ట్రేడింగ్‌ను పసిగట్టడంపై పరిశోధన పత్రాలు కూడా ప్రచురించారు.

సర్క్యులర్ ట్రేడింగ్ అంటే ఏమిటో కొంచెం వివరంగా చూద్దాం. ఒక సంస్థ రెండో సంస్థకు సరుకు అమ్మినట్లు బిల్లు రాస్తుంది. రెండోది మూడోదానికి, మూడోది మళ్లీ మొదటిదానికి. సరుకు ఎక్కడా కదలదు. కానీ ముగ్గురి టర్నోవరూ పెరుగుతుంది, మధ్యలో ఎక్కడో దొంగ క్రెడిట్ కలుస్తుంది. ఒక్కొక్కరి రిటర్న్ విడిగా చూస్తే లోపం కనిపించదు. వ్యాపారులను చుక్కలుగా, అమ్మకాలను చుక్కల మధ్య గీతలుగా గీస్తే మాత్రం తిరిగి మొదటికే వచ్చే వలయం కళ్లకు కడుతుంది. లక్షల చుక్కల్లో అలాంటి వలయాలను వెతకడం మనిషి వల్ల కాదు, యంత్రానికి సాధ్యం. ఈ-వే బిల్లులో టన్నుల సరుకు తీసుకెళ్లినట్లు రాసిన వాహనం నంబరును రవాణా శాఖ రికార్డుతో పోల్చితే అది ద్విచక్ర వాహనమని తేలడం కూడా ఇలాంటి పోలికల వల్లే.

మీరు దొంగ బిల్లులు రాయకపోవచ్చు. కానీ అలాంటి వలయంలో ఉన్న ఒకరి దగ్గర మీరు నిజంగానే సరుకు కొని ఉంటే, ఆ చుక్కల బొమ్మలో మీకూ ఒక గీత ఉంటుంది. అనుమానం బలపడితే నిబంధన 86ఏ కింద మీ క్రెడిట్ ఖాతానే స్తంభింపజేసే అధికారం శాఖకు ఉంది. నిజాయతీగా వ్యాపారం చేసేవాళ్లు కూడా ఈ లెక్కలు నేర్చుకోవాల్సి రావడానికి అసలు కారణం ఇదే.

నెలకు ఆరు రోజులు

నెలవారీ రిటర్న్‌లు వేసేవాళ్లకు క్యాలెండరు ఇలా ఉంటుంది. అమ్మకాల వివరాలు చెప్పే జీఎస్టీఆర్-1ను మరుసటి నెల 11లోగా వేయాలి. 14న పోర్టల్ మీకు జీఎస్టీఆర్-2బీ తయారుచేసి పెడుతుంది. 20లోగా జీఎస్టీఆర్-3బీ వేసి పన్ను కట్టాలి. అంటే మీ కొనుగోళ్ల పుస్తకాన్ని 2బీతో పోల్చి, తేడాలు గుర్తించి, సరఫరాదారులకు ఫోన్లు చేయడానికి మీకున్నది 14 నుంచి 20 వరకు. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే 5 కోట్ల లోపు వ్యాపారులకు కాస్త వెసులుబాటు ఉంది. తెలుగు రాష్ట్రాల్లో వాళ్ల 3బీ గడువు త్రైమాసికం ముగిసిన తర్వాతి నెల 22.

పోల్చడం ఎలా? ట్యాలీ నుంచో, మీరు వాడే సాఫ్ట్‌వేర్ నుంచో కొనుగోళ్ల రిజిస్టరును ఎక్సెల్‌లోకి తీయండి. పోర్టల్ నుంచి 2బీని దింపుకోండి. బిల్లు నంబరును పట్టుకుని రెండింటినీ నేరుగా కలపబోతే మొదటి రోజే విసుగు పుడుతుంది. సరఫరాదారు తన రిటర్న్‌లో ‘ఐఎన్‌వీ/0123/24-25’ అని రాస్తే, మీ అకౌంటెంట్ ‘123’ అని ఎక్కించి ఉంటారు. మనిషికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు కాదు. కాబట్టి ముందు నంబర్లను శుభ్రం చేయాలి. గీతలు, చుక్కలు, ఏడాదిని సూచించే అంకెలు, ముందున్న సున్నాలు తీసేయాలి. ఆ తర్వాత సరఫరాదారు జీఎస్టీ నంబరు, శుభ్రం చేసిన బిల్లు నంబరు, పన్ను మొత్తం కలిపి ఒక తాళం చెవిలా తయారుచేసుకుని పోల్చాలి. పైసల సర్దుబాటు వల్ల వచ్చే రూపాయి, రెండు రూపాయల తేడాను వదిలేయమని ముందే చెప్పాలి. అది చెప్పకపోతే అసలు తేడాలు రూపాయి తేడాల కింద కనపడకుండా పోతాయి.

అప్పుడు మిగిలే తేడాలు ఒక్కోటి ఒక్కో కథ చెబుతాయి.

మీ పుస్తకాల్లో ఉండి 2బీలో లేని బిల్లు అంటే సరఫరాదారు ఇంకా చూపలేదని అర్థం. ఆ క్రెడిట్ ఈ నెల తీసుకోవద్దు. విడిగా జాబితా రాసుకుని వాళ్లను అడగాలి. 2బీలో ఉండి మీ పుస్తకాల్లో లేని బిల్లు మరింత ఆసక్తికరం. మీ సిబ్బందిలో ఎవరో బిల్లు జేబులోనే పెట్టుకుని ఉండొచ్చు. అలాగైతే అది మీకు రావాల్సిన డబ్బు, తర్వాతి ఆర్థిక సంవత్సరం నవంబరు 30 దాటితే పోతుంది. ఆ తేదీకి ముందే వార్షిక రిటర్న్ వేసేస్తే అప్పుడే పోతుంది. లేదా మీకు సంబంధం లేని ఎవరో మీ జీఎస్టీ నంబరు మీద బిల్లు రాసి ఉండొచ్చు. అది ప్రమాదం. 2024 అక్టోబరు నుంచి పోర్టల్‌లో ఉన్న ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అందుకే. అక్కడ ప్రతి బిల్లునూ అంగీకరించవచ్చు, తిరస్కరించవచ్చు, పెండింగులో పెట్టవచ్చు. ఏమీ చేయకపోతే అంగీకరించినట్లే లెక్క. చాలామంది ఏమీ చేయరు.

రెండు రాష్ట్రాల్లో శాఖలున్న సంస్థలకు ఇంకో తలనొప్పి ఉంది. ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో, గోదాము విజయవాడలో ఉంటే, 37 నంబరు మీద రావాల్సిన బిల్లు 36 మీద వస్తుంది. విజయవాడ లాడ్జీలో మీ మేనేజరు రెండు రోజులు దిగి, హైదరాబాద్ నంబరు ఇచ్చి బిల్లు తెస్తారు. అందులో పడిన రాష్ట్ర జీఎస్టీ ఆంధ్రప్రదేశ్‌ది. ఆ బిల్లు మీద తెలంగాణ నంబరుకు క్రెడిట్ రాదు. 2బీ కూడా దాన్ని క్రెడిట్ లభించని పద్దులోనే చూపుతుంది. చిన్న మొత్తమే కదా అని మొత్తం 2బీని కళ్లు మూసుకుని ఎక్కించేస్తే దొరికిపోయేది ఇలాంటి చోటే.

2బీలో ఉంటే చాలా?

చాలదు. మా దృష్టికి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. 2బీలో ఉండటం క్రెడిట్‌కు ఒక షరతు మాత్రమే. సిబ్బంది భోజనాల బిల్లు, క్లబ్ సభ్యత్వం, డైరెక్టర్ కోసం కొన్న కారు.. ఇవన్నీ 2బీలో బుద్ధిగా కనిపిస్తాయి. కానీ కొన్ని మినహాయింపులు తప్ప, చట్టంలోని సెక్షన్ 17(5) ప్రకారం వీటిపై క్రెడిట్ లేదు. ఆ సంగతి 2బీ మీకు చెప్పదు. కొనుగోళ్ల రిజిస్టరులో ఖర్చు పద్దుల పేర్లతో జల్లెడ పట్టి మీరే పక్కన పెట్టాలి.

సరఫరాదారుకు 180 రోజుల్లోగా డబ్బు చెల్లించకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి ఇవ్వాలి. చెల్లించాక మళ్లీ తీసుకోవచ్చు. అప్పుల వయసు చూపే నివేదిక ప్రతి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది. దాన్ని పన్ను విభాగం చూడదు, కొనుగోళ్ల విభాగం చూస్తుంది. ఆ రెండు విభాగాలూ మాట్లాడుకోని కంపెనీల్లో ఈ తేడా ఏళ్ల తరబడి పేరుకుపోతుంది.

అన్నిటికంటే చిక్కు నిబంధన 37ఏ. సరఫరాదారు జీఎస్టీఆర్-1 వేస్తే బిల్లు మీ 2బీలోకి వచ్చేస్తుంది. కానీ ఆయన 3బీ వేసి పన్ను కట్టకపోతే? ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే సెప్టెంబరు 30 లోగా ఆయన ఆ 3బీ వేయకపోతే, నవంబరు 30 లోగా మీరు ఆ క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. ఆయన ఎప్పుడైనా కడితే మళ్లీ తీసుకోవచ్చు. ఆయన కట్టని పన్నుకు మీరు బాధ్యులు కావడం న్యాయమా అన్నది వేరే చర్చ. ముందు సరఫరాదారుపై చర్య తీసుకోకుండా, అసాధారణ పరిస్థితుల్లో తప్ప, కొనుగోలుదారు నుంచి వసూలు చేయకూడదని 2023లో కలకత్తా హైకోర్టు ఒక కేసులో చెప్పింది. అయితే కోర్టు మెట్లెక్కి ఆ మాట అనిపించుకోవడానికి అయ్యే ఖర్చు 72 వేల కంటే ఎక్కువే అవుతుంది. దానికి బదులు పోర్టల్‌లో సరఫరాదారు నంబరు కొట్టి, ఆయన ఏ నెల రిటర్న్‌లు ఎప్పుడు వేశారో చూసుకోవచ్చు. లాగిన్ అక్కర్లేదు. నిమిషం పని.

అంకెలు కూడా మాట్లాడతాయి

కంపెనీ లోపల జరిగే మోసాలను పట్టుకోవడానికి ఆడిటర్లు వాడే ఒక పాత సూత్రం ఉంది. బెన్‌ఫోర్డ్ నియమం. సహజంగా పుట్టిన పెద్ద లెక్కల జాబితాలో మొదటి అంకె 1తో మొదలయ్యేవి దాదాపు 30 శాతం ఉంటాయి, 9తో మొదలయ్యేవి 5 శాతం లోపే. మనిషి కూర్చుని కల్పించి రాసిన అంకెలు ఈ తీరును సాధారణంగా పాటించవు. ఏడాది ఖర్చుల వోచర్లన్నీ తీసి మొదటి అంకెలు లెక్కపెట్టండి. 4తో మొదలయ్యేవి ఉన్నట్టుండి పెరిగాయంటే, మేనేజరు ఆమోద పరిమితి 50 వేలేమో, బిల్లులన్నీ 49 వేల దగ్గర ఆగుతున్నాయేమో చూడాలి. ఈ-వే బిల్లు పరిమితి కూడా 50 వేలే అని గుర్తుంచుకోండి. అయితే ప్రతిచోటా ఇది పనికిరాదు. ప్రతి నెలా ఒకే అద్దె, ఒకే చందా ఉండే పద్దుల్లో ఈ నియమం వర్తించదు. వందో రెండొందలో బిల్లులున్న చిన్న వ్యాపారానికీ అంతే.

తేడా ఉంటే తప్పు చేసినట్లేనా?

కాదు. జీఎస్టీ టర్నోవరు, ఆదాయపు పన్ను టర్నోవరు సరిపోలకపోవడానికి సరైన కారణాలు ఎన్నో ఉన్నాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ శాఖకు సరుకు పంపితే జీఎస్టీ లెక్కలో అది సరఫరా, కంపెనీ పుస్తకాల్లో అమ్మకమే కాదు. పాత యంత్రం అమ్మితే జీఎస్టీలో ఉంటుంది, అమ్మకాల పద్దులో ఉండదు. యంత్రానికి ఈ తేడాలు తెలియవు, అది తేడాను మాత్రమే చూపుతుంది. ఆ కారణాలను నెలనెలా ఒక పట్టికలో రాసి పెట్టుకున్న కంపెనీ నోటీసుకు ఒక్క రోజులో జవాబిస్తుంది. రాసుకోని కంపెనీ రెండేళ్ల కిందట ఉద్యోగం మానేసిన అకౌంటెంట్ ఫోన్ నంబరు వెతుక్కుంటుంది.

ఏ నోటీసుకు ఎంత గడువు ఉందో మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. మీ జీఎస్టీఆర్-1లో చూపిన పన్ను కంటే 3బీలో కట్టింది నిర్ణీత పరిమితిని మించి తక్కువైతే డీఆర్‌సీ-01బీ వస్తుంది. 2బీలో ఉన్న క్రెడిట్ కంటే అలాగే ఎక్కువ తీసుకుంటే డీఆర్‌సీ-01సీ. రెండింటికీ 7 రోజులే గడువు. తేడా కట్టాలి, లేదా కారణం చెప్పాలి. ఏదీ చేయకపోతే తర్వాతి జీఎస్టీఆర్-1 వేయనివ్వదు. అది వేయలేకపోతే మీ కొనుగోలుదారులకు క్రెడిట్ రాదు. వాళ్లు మీ బిల్లుల డబ్బు ఆపేస్తారు. ఒక ఈమెయిల్ చూడకపోవడంతో మొదలైన వ్యవహారం వారం తిరిగేసరికి మీ నగదు రాకడ మీద పడుతుంది. 2025 జులై రిటర్న్‌ల నుంచి 3బీలో అమ్మకాల పన్నును చేత్తో మార్చే వీలు తీసేశారు. తప్పుంటే జీఎస్టీఆర్-1ఏ ద్వారా సరిదిద్దాకే 3బీ వేయాలి.

రిటర్న్‌ల పరిశీలనలో లోపాలు కనిపిస్తే ఏఎస్‌ఎంటీ-10 వస్తుంది. దానికి 30 రోజుల వరకు గడువు ఉంటుంది, జవాబు ఏఎస్‌ఎంటీ-11లో ఇవ్వాలి. అధికారి సంతృప్తి చెందితే ఏఎస్‌ఎంటీ-12తో ముగుస్తుంది. లేదంటే షోకాజ్ నోటీసు, ఆపై ఉత్తర్వు. ఉత్తర్వు అందిన మూడు నెలల్లోగా అప్పీలుకు వెళ్లొచ్చు, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి. పోర్టల్‌లో ‘నోటీసులు’ అనే పద్దుతో పాటు ‘అదనపు నోటీసులు, ఉత్తర్వులు’ అనే మరో పద్దు ఉంది. రెండోది తెరవని కారణంగా, తమ వాదన వినిపించకుండానే ఉత్తర్వు వచ్చేసిన వ్యాపారులు ఉన్నారు. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు, ఈమెయిల్ పాత కన్సల్టెంట్‌వే అయితే ఈ రోజే మార్పించండి.

నెలకు యాభై, అరవై బిల్లులుండే సంస్థకు ఎక్సెల్ సరిపోతుంది. వేలల్లో ఉంటే పోల్చే సాఫ్ట్‌వేర్ కొనుక్కోవడం మంచిది. అయితే ఏది కొన్నా, సరఫరాదారుల జీఎస్టీ నంబర్ల జాబితా సరిగ్గా లేకపోతే అది తప్పులనే వేగంగా తయారుచేస్తుంది. అందుకని ముందు ఆ జాబితాను శుభ్రం చేయించండి. తర్వాత కొనుగోలు ఒప్పందంలో ఒక వాక్యం చేర్చండి. బిల్లు మా 2బీలో కనిపించాకే అందులోని జీఎస్టీ మొత్తం విడుదల చేస్తామని. చాలా పెద్ద కంపెనీలు ఇప్పటికే ఇలా చేస్తున్నాయి. చిన్న సరఫరాదారుల దగ్గర మాత్రం దీన్ని సాకుగా వాడి మొత్తం బిల్లు ఆపకండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు చట్టం చెప్పిన గడువులోగా, అంటే ఒప్పందం ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లోగా చెల్లించకపోతే, ఆ ఖర్చు చెల్లించిన ఏడాదిలోనే తప్ప ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు.

మరో తేదీని గోడ క్యాలెండరు మీద రాసుకోండి. అక్టోబరు మొదటి వారం. గత ఆర్థిక సంవత్సరంలో మీకు బిల్లులిచ్చిన సరఫరాదారులందరి 3బీలను ఆ వారంలో ఒకసారి పోర్టల్‌లో చూడాలి. వేయనివాళ్లు తేలితే, వాళ్లతో మాట్లాడటానికో, క్రెడిట్ వెనక్కి ఇవ్వడానికో నవంబరు 30 వరకు మీకు దాదాపు ఎనిమిది వారాలుంటాయి.